పెట్టె ఎంతుండాలి? మాడ్యులర్ సింథ్ మీద ఒక సంవాదం

ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు దగ్గర దిగితే సంగీతానికి కావలసిన కరెంటు సామానంతా నడిచేంత దూరంలోనే ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఐసీలు, జాక్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ట్రూప్ బజార్‌లో వైర్లు, బోర్డులు, లైట్లు. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు, వాటి స్టాండ్లు. కీబోర్డు కావాలన్నా దొరుకుతుంది. మాడ్యులర్ సింథసైజర్‌ను వరసగా పేర్చి, కేబుళ్లు చేతికిచ్చి, వాయించి చూసి కొనుక్కోమనే దుకాణం మాత్రం ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. అందుకే మన ఊళ్లో దీన్ని చెవితో కాదు, ఫొటోలు చూసి ఎంచుకోవలసి వస్తోంది. ఇంట్లో కూర్చుని లైవ్ ఇచ్చేవాళ్ల డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

తెలియనివారికి రెండు మాటలు. కీబోర్డులో నాదం పుట్టించే భాగం, దాన్ని వడకట్టే భాగం, హెచ్చుతగ్గులు చేసే భాగం అన్నీ లోపలే కలిపి మూసేసి ఉంటాయి. మాడ్యులర్‌లో ఆ భాగాలు విడివిడిగా అమ్ముతారు. నాదం పుట్టించే ఆసిలేటర్, వడకట్టే ఫిల్టర్, నాదం ఎగసి తగ్గే తీరును దిద్దే ఎన్వలప్, స్వరాలను వరసగా పంపే సీక్వెన్సర్, ఏది కావాలో మనమే కొని, పెట్టెలో బిగించి, పొట్టి కేబుళ్లతో కలుపుకోవాలి. 1960లలో అమెరికాలో రాబర్ట్ మోగ్, డాన్ బుక్లా ఎవరికి వారే మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1990ల నడుమ జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ తెచ్చిన చిన్న కొలత ‘యూరోర్యాక్’ పేరుతో ఇప్పుడు అందరిదీ అయింది. మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పును హెచ్‌పీల్లో లెక్కిస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు.

ఇక వాదులాడుకునే ఇద్దరు. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో కీబోర్డులు, యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన ఒకరు. ఆయన మేనకోడలు మరొకరు. రాంకోఠి ప్రభుత్వ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న అమ్మాయి, దుకాణం పై గదిలోంచి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంది.

మేనమామ: నీ లిస్టు చూసిన బిడ్డా. రెండు వరసల పెట్టె, దాని నిండా మాడ్యూళ్లు. ఒక్కోటి పది వేలు, ఇరవై వేలు, నలభై వేలు. పైన కొరియర్, కస్టమ్స్, జీఎస్టీ. గన్ని పైసలు పోసినంక చూస్తే మీట ఒక్కటి లేదు. నా బల్ల మీద పాత కోర్గ్ కీబోర్డు ఉన్నది, మంచిగ నడుస్తున్నది, తీస్కపో. ల్యాప్‌టాప్ ఉండనే ఉన్నది. రేపే లైవ్ పెట్టుకో.

మేనకోడలు: కోర్గ్ మీద తోడి గాంధారం ఎలా పలికించమంటారు మామయ్యా? ఆ గాంధారం ఒక చోట నిలబడదు. రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూనే ఉంటుంది. మీట నొక్కితే ఒక్క చోట నిలబెడుతుంది.

మేనమామ: పక్కన పిచ్ వీల్ ఉన్నది కదా. ఆర్కెస్ట్రాలల్ల ఎంతమంది దాంతోనే గమకాలు తీసిన్రు. నేను చూసిన, నేను రిపేరు చేసిన.

మేనకోడలు: తీశారు, కాదనను. కుడిచెయ్యి మీట మీద, ఎడమచెయ్యి వీల్ మీద పెట్టి సాధన చేసినవాళ్లంటే నాకూ గౌరవమే. కానీ వీల్ వదిలితే నడుమకు తిరిగొచ్చేస్తుంది. నాకు కావలసింది అది కాదు. మాడ్యులర్‌లో స్వరం అంటే వోల్టేజీ. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో స్వరస్థానానికి సుమారు 83 మిల్లీవోల్టులు. ఆ భాగాల మధ్య గోడ లేదు, ఎక్కడైనా ఆగొచ్చు. తంబూరాలో వినబడే అంతర గాంధారానికీ, కీబోర్డు గాంధారానికీ తేడా 14 సెంట్లు. వోల్టేజీలో చెప్పాలంటే 11 మిల్లీవోల్టుల పైచిలుకు. ఆ కాస్త తగ్గిస్తే గాంధారం శ్రుతిలో కలిసిపోతుంది. కీబోర్డులో ఆ పని కోసం మెనూలు వెతుక్కోవాలి.

మేనమామ: మంచి మాట చెప్పినవు. మరి నీ లిస్టుల నాలుగో లైన్ల క్వాంటైజర్ ఎందుకున్నది?

మేనకోడలు: అది సీక్వెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీని స్వరాల మీద కూర్చోబెట్టడానికి.

మేనమామ: గదే అడుగుతున్న. నువ్విప్పుడు చెప్పిన 11 మిల్లీవోల్టులు ఉన్నయ్ చూడు, వాటిని కోసి పన్నెండు మెట్ల మీద నిలబెట్టేదే క్వాంటైజర్. గోడ లేదనే కదా ఇది కొంటనన్నవు. మళ్ల ఆ గోడనే ఇరవై వేలు పెట్టి తెచ్చుకుంటవా?

మేనకోడలు: శ్రుతులు మార్చుకోనిచ్చే క్వాంటైజర్లు కూడా ఉన్నాయి మామయ్యా.

మేనమామ: ఉండనీ. మార్చినా మెట్టు మెట్టే. ఇంకో మాట. గమకం కోసమని ఎల్ఎఫ్ఓ రాసుకున్నవు. అది ఒక్క తీరుగ ఊపుతది, తెల్లారేదాక అట్లనే ఊపుతది. వీణ మీద నీ వేలు అట్ల ఊగుతదా? విలంబంల ఒక తీరు, తానంల ఒక తీరు. లిస్టంత సదివిన, చెయ్యి పెట్టే జాగ ఎక్కడ కనబడలే.

ఈ ఒక్క ప్రశ్నకే ఈ సంవాదాన్ని రాయాలనిపించింది. మాడ్యులర్ కొనేవాళ్ల జాబితాల్లో నాదం పుట్టించేవి ముందుంటాయి, మెరిసేవి తర్వాత వస్తాయి, చెయ్యి ఆనేది చివర్లో డబ్బు మిగిలితే వస్తుంది. మన సంగీతానికి ఈ వరస తలకిందులు. గాయకుడికి గొంతు ఎంతో, వైణికుడికి ఎడమచేతి వేళ్లు అంత. వాద్యం ఏదైనా ముందు వేలికి చోటు కావాలి.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. క్వాంటైజర్ కొట్టేస్తాను. దాని బదులు రిబ్బన్ కంట్రోలర్ పెడతాను. వేలు ఎక్కడ ఆనితే అక్కడి వోల్టేజీ ఇస్తుంది, జరిపితే జారుతుంది. డోప్ఫర్‌దే ఆర్2ఎం అని ఒకటుంది. రెహమాన్ హాకెన్ కంటిన్యుయమ్ వాయించడం చూశారు కదా, మీటలు లేని పరుపులాంటి పలక, దాని మీద వేళ్లు జరుపుతారు. అంత ఖరీదైంది నాకు వద్దు, పద్ధతి మాత్రం అదే.

మేనమామ: ఇప్పుడు సక్కగ మాట్లాడినవు.

మేనకోడలు: కానీ మామయ్యా, ‘ఇది మన వాద్యం కాదు’ అంటే మాత్రం ఒప్పుకోను. మాండొలిన్ మనదా? పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కచేరీకి కూర్చుంటే ముందు పెదవి విరిచినవాళ్లే తర్వాత శిరసు వంచారు. మోగ్ సింథసైజరూ మన దేశానికి కొత్త కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకి వచ్చింది, డేవిడ్ ట్యూడర్ వచ్చి నెలకొల్పాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివాళ్లు 1972 దాకా అక్కడ రికార్డు చేసిన టేపులను పాల్ పుర్గస్ వెలికితీస్తే 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. మన ముందు తరం తాకిన పనిముట్టే ఇది.

మేనమామ: శ్రీనివాస్ పేరు తీసినవు కాబట్టి ఒకటి అడుగుత. మాండొలిన్‌కు తీగలెన్ని?

మేనకోడలు: మామూలుగా ఎనిమిది. నాలుగు జతలు.

మేనమామ: ఆయన ఎన్ని పెట్టుకున్నడు?

మేనకోడలు: ఐదు. ఒంటి తీగలు.

మేనమామ: చూసినవా. జత తీగలుంటే గమకం లాగుడు కష్టం. అందుకని తీసేసిండు. కింది స్థాయి కావాలని ఒకటి కలుపుకున్నడు. వాద్యంల ఉన్నదంత ఉంచుకోలే, రాగానికి అడ్డమొచ్చేది తీసేసి, రాగం అడిగింది పెట్టుకున్నడు. నువ్వు రెండు వరసలు నింపుతనంటున్నవు. బొంబాయి చరణ్‌జీత్ సింగ్ సంగతి గూడ నువ్వే చెప్పినవు నాకు. 1982ల రాగాలను డిస్కో బీటు మీద వాయించిండు. ఎన్ని మిషన్లతోని?

మేనకోడలు: మూడు. రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808.

మేనమామ: మూడిటితోని పది రాగాలు.

ఇక్కడ ఆయన గెలిచాడనే నేను అంటాను. మాడ్యులర్‌ను ఎందుకు ఎంచుకోవాలన్న వాదంలో అమ్మాయిది పైచెయ్యి. ఎంత కొనాలన్న వాదంలో ఆయనది. అయినా ఆమె ఊరికే తగ్గలేదు.

మేనకోడలు: చరణ్‌జీత్ సింగ్‌ది స్టూడియో రికార్డు. నాది లైవ్. చూసేవాళ్లకు నేను చేస్తున్నది కనబడాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఏం చేస్తున్నానో తెలియదు, ఈమెయిల్ చూస్తున్నట్టుంటుంది. కేబుల్ తీసి ఇంకోచోట పెడితే నాదం మారడం కళ్లకు కనబడుతుంది. అది వాయించడమే. పైగా ఈ గదిలో మైకు పెట్టి వీణ లైవ్ ఇవ్వడం ఎంత నరకమో మీకూ తెలుసు. రైలు కూతలు, ఆటో హారన్లు, జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నుమాయిష్ రద్దీ. మాడ్యులర్ అయితే వైరు నేరుగా వెళ్తుంది, వీధి చప్పుడు లోపలికి రాదు.

మేనమామ: అది నిజమే. ఆ మాట ముందు చెప్పాల్సింది. ఇగ నీ వైరు ఏడికి పోతది?

మేనకోడలు: ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి. అక్కడి నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లోకి.

మేనమామ: నేరుగనా? మాడ్యులర్ సిగ్నల్ పది వోల్టుల దాకా ఊగుతది, కింది నుంచి మీది దాకా. మామూలు లైన్ సిగ్నల్ దానిముందు ఎంత? ఇంట్ల వాడే సామానుల ఒక వోల్టు ఉంటే ఎక్కువ. పది వోల్టులు తీస్కపోయి ఇంటర్‌ఫేస్ మీద పోస్తే పగిలి వినబడుతది. అవుట్‌పుట్ మాడ్యూల్ నీ లిస్టుల చివర్ల ఉన్నది, పక్కన ‘తర్వాత’ అని రాసుకున్నవు.

మేనకోడలు: ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ తగ్గిస్తే సరిపోతుందనుకున్నాను.

మేనమామ: కొన్నిటిల సరిపోతది, కొన్నిటిల గెయిన్ సున్నా చేసినా పగులుతది. ఎందుకా తిప్పలు? లైవ్‌ల మళ్ల చేద్దామంటే ఉండదు. అవుట్‌పుట్ మాడ్యూల్ మొదట కొను. లేదంటే ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ ఈఎస్-8 లాంటిది చూడు. పెట్టెలనే ఉంటది, యూఎస్‌బీ వైరుతోని నేరుగ ల్యాప్‌టాప్‌ల పెట్టుకోవచ్చు. ఇంకొకటి. వినేటోళ్లు దేంట్ల వింటరు?

మేనకోడలు: ఎక్కువమంది ఫోన్‌లోనే.

మేనమామ: మరి నీ బాస్ ముచ్చట్లన్ని ఎవ్వలికి? ఫోన్ స్పీకర్ల 200 హెర్ట్జ్ కిందిది ఉన్నా లేనట్టే. సీడీల సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటయంటివి. యూట్యూబ్ లైవ్‌కు స్టీరియోల 128 పెట్టుకోమంటది. మెత్తటి మెరుపులు అన్ని అండ్లనే పోతయ్.

మేనకోడలు: అందుకే మంద్ర స్థాయి షడ్జానికి కాస్త వేవ్‌ఫోల్డర్ కలుపుతాను. పై హార్మోనిక్స్ పుడతాయి. అడుగు నాదం ఫోన్ పలకకపోయినా, పైవి వినబడితే చెవి అడుగుదాన్ని ఊహించుకుంటుంది. ఇది లోపం కాదు మామయ్యా, దీనికి తగ్గట్టు వాయించడం నేర్చుకోవాలి.

మేనమామ: సరే. తంబూరాకు రెండు అనలాగ్ ఆసిలేటర్లు రాసుకున్నవు. మే నెలల నలభై దాటిన ఎండకు ఈ పైగదిల ఏమైతదో ఎరుకేనా? వేడికి శ్రుతి జారుతది. మొదలుపెట్టినప్పుడు ఐదు శ్రుతి, గంట తర్వాత ఏందో ఎవ్వరికి తెల్వదు.

మేనకోడలు: అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనిస్తారు.

మేనమామ: అంత చేసినా కూలర్ వేస్తే మళ్ల జారుతది. తంబూరాకు డిజిటల్‌ది తీస్కో. రాగం పాడే ఆసిలేటర్ అనలాగ్ అయితే కానీ, దాన్ని నీ వేలు సరిచేసుకుంటది. తంబూరాను ఎవ్వరు సరిచేస్తరు?

మేనకోడలు: అయితే ప్లెయిట్స్ లాంటిది ఒకటి చాలు. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లది. ఎమిలీ జిలే 2022లో కంపెనీ మూసేసింది గానీ ప్లెయిట్స్ డిజైన్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేసింది. ఇప్పుడు వేరేవాళ్లు చేసి అమ్ముతున్నారు.

మేనమామ: సర్క్యూట్ బొమ్మ దొరుకుతదా?

మేనకోడలు: మొత్తం దొరుకుతుంది.

మేనమామ: గట్లయితే అదే కొను. ఖరాబైతే వాపస్ జర్మనీకో అమెరికాకో పంపుడు నీతోని కాదు. బొమ్మ ఉంటే నేను చూస్త. వీటిల సగం టీఎల్072 ఐసీలే కదా, గుజరాతీ గల్లీల దొరుకుతయ్. మల్టిపుల్, అటెన్యుయేటర్ అని నాలుగు వేలు, ఐదు వేలు పెట్టి రాసుకున్నవు. మల్టిపుల్ అంటే మూడు జాక్‌లకు ఒక వైరు. అటెన్యుయేటర్ అంటే ఒక పొటెన్షియోమీటర్. ఆదివారం కూసుంటే నేనే చేసిస్త.

పెద్దాయన ఇంతసేపు వాదించినా ఆమె దగ్గరున్న పెట్టెను చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు తీసుకున్నాడు. అప్పటికే కొన్న ఒకే ఒక మాడ్యూల్‌ను తిప్పి వెనక చూశాడు. బోర్డు మీద పది పిన్నుల సాకెట్, దానికో బూడిదరంగు రిబ్బన్ కేబుల్, కేబుల్ ఒక అంచున ఎర్రగీత.

మేనమామ: ఈ ఎర్రగీత ఎటు దిక్కు?

మేనకోడలు: మైనస్ పన్నెండు వోల్టుల వైపు. బోర్డు మీద గుర్తు ఉంటుంది.

మేనమామ: గుర్తు లేనియి గూడ ఉంటయ్. ఉల్టా పెట్టి స్విచ్ వేస్తే పోయె. లైవ్‌కు పది నిమిషాల ముందు మాడ్యూల్ మార్చుడు అనేదే వద్దు. ఇగ కరెంటు లెక్క. ఒక్కో మాడ్యూల్ ప్లస్ పన్నెండుల ఎన్ని మిల్లీయాంపులు తాగుతది, మైనస్‌ల ఎన్ని తాగుతది, రెండు వేరువేరుగ కూడు. వచ్చినదానికి ఇంకో పావు వంతన్న ఎక్కువున్న సప్లై తీస్కో. మంది పైసలన్ని ముంగట కనబడేదాని మీద పెట్టి సప్లైల మిగిలిస్తరు. ఆడనే గుయ్ మంటది.

మేనకోడలు: గుయ్ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడే ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే 50 హెర్ట్జ్ హమ్ వస్తోంది, తీస్తే పోతోంది. ఎవరో చార్జర్ ఎర్త్ పిన్ను విరిచేయమన్నారు.

మేనమామ: ఆ పని జేస్తే ఈ గదిల అడుగు పెట్టనియ్య. ఎర్త్ తీసుడు అంటే ప్రాణం మీదికి తెచ్చుకునుడు. హమ్ వచ్చేది ల్యాప్‌టాప్‌కు, పెట్టెకు రెండు దారులల్ల ఎర్త్ కలుస్తున్నది కాబట్టి. మొదట అన్ని ఒక్కటే బోర్డు నుంచి తీస్కో. అట్లయినా పోకుంటే మధ్యల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టు. ఇంటి ఇన్వర్టర్ చూసినవా, స్క్వేర్ వేవ్‌ది. కరెంటు పోయి అది అందుకోంగనే నీ లైవ్‌ల కందిరీగల తుట్టె లేస్తది. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ ఒకటి పెట్టు, పెట్టె, ల్యాప్‌టాప్, రౌటర్ మూడు దానికే. రౌటర్ మర్చిపోతరు అందరు.

మేనకోడలు: కెమెరాలోనూ కరెంటు గొడవే ఉంది. ట్యూబ్‌లైటు కింద చారలు వస్తున్నాయి.

మేనమామ: షట్టర్ 1/50 పెట్టినవా? మన కరెంటు 50 సైకిళ్లు. 1/60 ఉంచితే చారలే.

ఈ కరెంటు ముచ్చట చాలాసేపు సాగింది. నేను కత్తిరించలేదు, ఎందుకంటే కొనేవాళ్లు పట్టించుకోనిదీ లైవ్‌ను చెడగొట్టేదీ ఇదే. తాళం గురించి ఇద్దరూ తొందరగానే తేల్చారు. సీక్వెన్సర్‌ను ఏడో మెట్టు తర్వాత రీసెట్ చేస్తే మిశ్రచాపు వస్తుందని ఆమె చూపించింది. క్లాక్ కొడుతుందే తప్ప వినదని, పాడేవాళ్లు సాగదీస్తే మృదంగం మనిషి ఆగుతాడని, ఇది ఆగదని ఆయన అన్నాడు. ఆలాపనకు సీక్వెన్సర్ అసలు వాడనని ఆమె మాటిచ్చింది.

మేనమామ: ఆఖరికి ఒక్కటే. వీసీవీ ర్యాక్ అని సాఫ్ట్‌వేర్ ఉన్నది కదా, 2017 నుంచి పైసల్లేకుండ దొరుకుతున్నది. మాడ్యూళ్లన్ని తెర మీదనే ఉన్నయ్. ఆరు నెలలు దాంట్ల వాయించి, ఏది చేతికొచ్చిందో అదే కొను.

మేనకోడలు: ఆరు నెలలు కుదరదు మామయ్యా. తెర మీద కేబుల్ మౌసుతో లాగితే చేతికి ఏమీ నేర్పదు. ల్యాప్‌టాప్ ఒక్కటే ఓబీఎస్‌నూ దీన్నీ మోస్తే శబ్దం తెగుతోంది కూడా. ఏ భాగం కావాలో తేల్చుకోవడానికి వాడతాను. లైవ్‌లో వాయించడానికి వాడను.

మేనమామ: అయితే రెండో వరస కొట్టెయ్యి.

మేనకోడలు: అది ఇప్పుడే కొట్టేయను.

అక్కడ ఇద్దరూ ఆగారు, రాజీపడలేదు. నా తీర్పు నేను చెబుతాను. రెండో వరస అక్కర్లేదు. 84 హెచ్‌పీల ఒక్క వరస, అంటే 43 సెంటీమీటర్ల లోపు వెడల్పు, ఒక మనిషి గంటసేపు ఒక రాగంతో నిలబడటానికి ఎక్కువే. అందులో పవర్ సప్లై, అవుట్‌పుట్ మాడ్యూల్, రిబ్బన్, తంబూరాకు ఒక డిజిటల్ ఆసిలేటర్, రాగానికి ఒక ఆసిలేటర్, ఒక ఫిల్టర్, హెచ్చుతగ్గులు చేసే వీసీఏ ఒకటి, ఒక ఎన్వలప్. కొనడం కూడా ఈ వరసలోనే. మిగిలిన చోటుకు ఖాళీ పలక బిగించి ఉంచండి. వీసీవీ ర్యాక్ విషయంలో ఆయన ఆరు నెలలన్నాడు, నేను అంత గడువు పెట్టను. కానీ ఆర్డరు పెట్టే ముందు ఒక పని చేయండి. మీరు కొనాలనుకున్న మాడ్యూళ్లను అందులో కలిపి, మీకు బాగా వచ్చిన రాగం ఒకటి వాయించి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లైవ్‌గా పంపి, ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్‌లో వినండి. ఆ ఫోన్‌లో వినబడని దేనికీ ఇప్పుడు డబ్బు పెట్టకండి.